పాత సర్వర్ ప్రాసెసరా, కొత్త డెస్క్‌టాప్ ప్రాసెసరా: కొనే ముందు పోల్చి చూడటం ఎలా

డేటా సెంటర్లు కొన్నేళ్లకోసారి తమ సర్వర్లను మార్చేస్తాయి. పక్కన పెట్టిన యంత్రాలు సెకండ్ హ్యాండ్ మార్కెట్‌కు చేరి విడిభాగాలుగా అమ్ముడవుతాయి. 2016లో ఇంటెల్ 1,745 డాలర్ల జాబితా ధరతో తెచ్చిన సర్వర్ ప్రాసెసర్ జియాన్ ఈ5-2680 వీ4 ఇప్పుడు ఆ ధరలో చాలా చిన్న భాగానికే దొరుకుతోంది. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో తిరిగినా, ఆన్‌లైన్‌లో వెతికినా ఇలాంటి పాత జియాన్లు కనిపిస్తూనే ఉంటాయి. దీనికి 14 కోర్లు (విడివిడిగా లెక్కలు చేసే భాగాలు), 28 థ్రెడ్లు (ఒకేసారి నడిపించగల పని వరుసలు). పక్కనే 2022లో వచ్చిన ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్ కోర్ ఐ5-12400 ఉంటుంది. దానికి 6 కోర్లు, 12 థ్రెడ్లు. అంకెలు మాత్రమే చూస్తే మనసు జియాన్ వైపే లాగుతుంది.

డబ్బు కట్టే ముందు ఒక పూట కాగితం, కలం పట్టుకుని కూర్చోండి. ఇంటిల్లిపాదీ కూడబెట్టి పిల్లల చదువుకు కొంటున్న కంప్యూటర్ కావచ్చు, అప్పు చేసి పెళ్లి వీడియోల స్టూడియోకు కొంటున్నది కావచ్చు. పెట్టిన ప్రతి రూపాయికీ పని జరగాలి. ఈ రెండు ప్రాసెసర్లనే ఉదాహరణగా పెట్టుకుని పోల్చే పద్ధతి చెబుతాను. మీరు చూస్తున్న మోడళ్లు వేరైనా పద్ధతి మారదు.

మొదట మీ పని రాసుకోండి

రోజులో మీరు ఏయే ప్రోగ్రాములు వాడతారో, దేని కోసం ఎక్కువసేపు ఎదురుచూస్తారో రాయండి. "ఎడిటింగ్" అని ఒక్క ముక్కలో తేల్చేయకండి. "4కే హెచ్.265 వీడియో టైమ్‌లైన్ మీద తడబడుతోంది", "ఆల్బమ్ పేజీ సేవ్ కావడానికి చాలాసేపు పడుతోంది", "ఆరు వర్చువల్ మెషీన్లు ఒకేసారి తెరవాలి", "కోడ్ కంపైల్ అయ్యేదాకా కూర్చోవాలి" అన్నంత స్పష్టంగా ఉండాలి. (వర్చువల్ మెషీన్ అంటే ఒకే కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేర్‌తో నడిచే మరో కంప్యూటర్; కంపైల్ అంటే రాసిన కోడ్‌ను యంత్రం నడిపే ప్రోగ్రాముగా మార్చడం.) ఒక్కో పనికి ఎదురుగా అది ఎంత ర్యామ్ తింటోందో, ప్రాసెసర్‌లో ఎన్ని కోర్లు కదులుతున్నాయో రాయండి. విండోస్‌లో టాస్క్ మేనేజర్ తెరిచి, పర్ఫార్మెన్స్ పేజీలో ప్రాసెసర్ గ్రాఫ్ మీద కుడి క్లిక్ చేస్తే ఒక్కో థ్రెడ్‌కు ఒక్కో గడి చూపించమని అడగవచ్చు. మీ పని నడుస్తుండగా ఆ గడులను చూడండి. అన్నీ నిండుగా ఉన్నాయా, ఒకటి రెండు మాత్రమే నిండి మిగతావి ఖాళీగా ఉన్నాయా? రాబోయే లెక్కలన్నిటికీ ఆ గడులే ఆధారం.

పేరులోనే సగం సమాచారం ఉంది

ఈ5-2680 వీ4 అన్న పేరులో మొదటి 2 అంటే ఒకే బోర్డు మీద రెండు ప్రాసెసర్ల దాకా పెట్టవచ్చని అర్థం. చివరనున్న వీ4 తరాన్ని చెబుతుంది. అన్నిటికంటే ముందు చూడాల్సింది ఈ చివరి అక్షరమే. ఏమీ లేకపోతే అది 2012 నాటి తరం. వీ2 దాని తరువాతది. ఈ రెంటిలోనూ ఏవీఎక్స్2 అనే సూచనల సమితి (ప్రాసెసర్ అర్థం చేసుకునే ఆదేశాల జాబితా) లేదు, ర్యామ్ కూడా పాత తరం డీడీఆర్3. ఏవీఎక్స్2 లేకపోతే నేటి సాఫ్ట్‌వేర్‌లో కొన్ని అసలు తెరుచుకోవు, కొన్ని బాగా నెమ్మదిస్తాయి. ఎంత చౌకగా ఇచ్చినా కొత్తగా కొనేవారు వాటి జోలికి వెళ్లవద్దనే నా గట్టి సలహా. వీ3, వీ4 తరాలకు ఏవీఎక్స్2, డీడీఆర్4 రెండూ ఉన్నాయి.

ఇప్పుడు రెండు ప్రాసెసర్ల వివరాలు పక్కపక్కన రాయండి. జియాన్ మూల వేగం 2.4 గిగాహెర్ట్జ్. ఒకటి రెండు కోర్లే పనిచేస్తున్నప్పుడు 3.3 దాకా వెళ్తుంది, అన్ని కోర్లూ పనిలో ఉంటే 2.9 దగ్గర ఆగుతుంది. ఐ5 ఒక్క కోర్ మీద 4.4, అన్ని కోర్ల మీద 4.0 గిగాహెర్ట్జ్ వేగంతో నడుస్తుంది. మూడో స్థాయి క్యాష్ (ప్రాసెసర్ లోపలే ఉండే వేగమైన చిన్న మెమరీ) జియాన్‌లో 35 ఎంబీ, ఐ5లో 18 ఎంబీ. జియాన్ 14 నానోమీటర్ల బ్రాడ్‌వెల్ తరానిది, ఐ5 ఆల్డర్ లేక్ తరానిది. అమ్మేవారు మూల వేగాలు పక్కపక్కన పెట్టి "2.4, 2.5, పెద్ద తేడా లేదు కదా" అంటే ఒప్పుకోకండి. రోజువారీ వాడకంలో లెక్కకు వచ్చేది పని సమయంలో నిలబడే వేగం.

ఒక్క కోర్ బలం లెక్కగట్టడం

గిగాహెర్ట్జ్ అంటే సెకనుకు ఎన్ని క్లాక్ సైకిళ్లు అన్నది. ఒక్కో సైకిల్‌లో ఎంత పని జరుగుతుందన్నది తరాన్ని బట్టి మారుతుంది. 2021లో వచ్చిన రాకెట్ లేక్ కోర్ స్కైలేక్ కోర్ కంటే ఒకే వేగం మీద 19 శాతం దాకా ఎక్కువ పని చేస్తుందని ఇంటెల్ ప్రకటించింది. ఆల్డర్ లేక్‌లోని గోల్డెన్ కోవ్ మళ్లీ దానికంటే సగటున 19 శాతం మెరుగని చెప్పింది. రెండూ గుణిస్తే దాదాపు 1.4. ఇవి తయారీదారు చెప్పిన లెక్కలు కాబట్టి కాస్త తగ్గించుకుని చూడాలి. అయితే మన జియాన్‌లోని బ్రాడ్‌వెల్ స్కైలేక్ కంటే కూడా ఒక తరం వెనుకది. ఆ ఎక్కువ, ఈ తక్కువ సరిపోతాయనుకుని 1.4 దగ్గరే ఉంచుదాం.

4.4ను 3.3తో భాగిస్తే 1.33. దాన్ని 1.4తో గుణిస్తే 1.86. ఐ5లోని ఒక్క కోర్ జియాన్‌లోని ఒక్క కోర్ కంటే దాదాపు 1.9 రెట్లు వేగమన్నమాట. అన్ని కోర్లూ నడుస్తున్నప్పుడు 4.0ను 2.9తో భాగించి అదే 1.4తో గుణించినా 1.9కి దగ్గరగానే వస్తుంది.

ఈ 1.9 మీ చేతివేళ్లకు తెలిసే తేడా. బ్రౌజర్‌లో పేజీ తెరుచుకోవడం, ఎక్సెల్‌లో పెద్ద షీటు మళ్లీ లెక్కించడం, ఫోటోషాప్‌లోని చాలా పనులు, ఆటల్లో ఫ్రేములు, ట్యాలీలో ఎంట్రీల మధ్య జాప్యం ఇవన్నీ ఒకటి రెండు కోర్ల బలం మీదే ఎక్కువగా ఆధారపడతాయి. మీ టాస్క్ మేనేజర్ గడుల్లో ఒకటి రెండే నిండి కనిపిస్తే, జియాన్‌లో మిగతా పన్నెండు కోర్లు మీకు ఊరికే కరెంటు తాగుతూ కూర్చుంటాయి.

అన్ని కోర్లూ కలిసినప్పుడు

ఇక్కడే ఎక్కువమంది లెక్క తప్పుతారు. 14 కోర్లు ఉంటే 14 రెట్ల వేగం వస్తుందనుకోవడం సహజమే. ప్రతి పనిలోనూ పంచుకోవడానికి వీలుకాని భాగం కొంత ఉంటుంది: ఫైల్ చదవడం, ఒక ఫలితం వచ్చాకే తరువాతి లెక్క మొదలుపెట్టడం వంటివి. ఆ భాగం ఒక్క కోర్ మీదే నడవాలి. ఎన్ని కోర్లు పెంచినా ఆ భాగం తగ్గదని 1967లో జీన్ ఆమ్‌డాల్ వాదించారు. ఆయన పేరుతోనే ఆమ్‌డాల్ సూత్రం నిలిచింది.

సూత్రం చిన్నదే. పంచలేని భాగం 20 శాతం, పంచగలిగేది 80 శాతం అనుకుందాం. 14 కోర్ల మీద పట్టే సమయం: 0.2కు 0.8ని 14తో భాగించి కలపాలి, 0.257 వస్తుంది. ఒకటిని దానితో భాగిస్తే 3.9 రెట్లు. ఇంత పెద్ద ప్రాసెసర్‌కు దక్కిన వేగం అంతే. ఆరు కోర్ల మీద అదే లెక్క వేస్తే 3 రెట్లు. కానీ ఐ5లో ఒక్కో కోర్ 1.9 రెట్లు వేగం కాబట్టి 3ను 1.9తో గుణించాలి, 5.7 వస్తుంది. జియాన్ 3.9, ఐ5 5.7.

పంచలేని భాగం 5 శాతమే ఉన్న పని తీసుకోండి. జియాన్‌కు 8.5, ఐ5కు 4.8ని 1.9తో గుణించగా 9.1. ఇప్పటికీ ఐ5దే పైచేయి. పంచలేని భాగం దాదాపు 3 శాతానికి తగ్గితేనే జియాన్ ముందుకు వెళ్తుంది. పని పూర్తిగా నూటికి నూరుపాళ్లు పంచగలిగితే జియాన్‌కు 14, ఐ5కు 11.4 వస్తాయి. 3డీ సాఫ్ట్‌వేర్ బ్లెండర్‌లో ప్రాసెసర్ మీద రెండరింగ్, ఒకదానితో ఒకటి సంబంధం లేని వర్చువల్ మెషీన్లు ఎన్నో ఒకేసారి నడపడం ఈ కోవలోకి వస్తాయి. పెద్ద ప్రాజెక్టు కంపైల్ చేయడంలో మొదటి భాగం బాగా పంచుకోగలిగినా చివర లింకింగ్ (ముక్కలన్నిటినీ ఒకే ప్రోగ్రాముగా కలపడం) ఒక్క కోర్ మీదకు వచ్చి ఆగుతుంది.

ఇది అంచనా లెక్కే. హైపర్‌థ్రెడింగ్ (ఒక్కో కోర్ మీద రెండేసి థ్రెడ్లు నడపడం), క్యాష్, మెమరీ వల్ల అసలు ఫలితం అటూ ఇటూ జరుగుతుంది. అయినా ఎటు మొగ్గాలో చెప్పడానికి ఇది చాలు. మీ పనిలో పంచలేని భాగం ఎంతో తెలియకపోతే గడులను మళ్లీ చూడండి. పని మొదలైనప్పటి నుంచి ముగిసేదాకా అన్నీ నిండుగానే ఉంటే పంచలేని భాగం తక్కువ. మధ్యమధ్య ఖాళీ అవుతుంటే ఎక్కువ.

సర్వర్ నిజంగా గెలిచే చోట్లు

పై లెక్క చూసి పాత జియాన్‌ను తీసిపారేయకండి. దాని బలం వేరే చోట ఉంది. మెమరీకి నాలుగు దారులు ఉంటాయి. డీడీఆర్4-2400 ర్యామ్ నాలుగు దారుల్లోనూ పెడితే సెకనుకు 76.8 జీబీ దాకా డేటా కదులుతుంది. ఐ5కు రెండే దారులు. డీడీఆర్4-3200తో 51.2 జీబీ, డీడీఆర్5-4800తో సరిగ్గా అదే 76.8 జీబీ. ఆరేళ్ల తరువాత వచ్చిన డెస్క్‌టాప్ కొత్త ర్యామ్‌తో పాత సర్వర్‌ను అందుకుందన్నమాట. అందుకే జియాన్ కొనేవారు ర్యామ్‌ను నాలుగు సమానమైన కడ్డీలుగా కొనాలి. ఒకే 32 జీబీ కడ్డీ పెడితే ఆ దారుల్లో మూడు మూతపడి ఉంటాయి.

మొత్తం ఎంత మెమరీ పెట్టవచ్చన్నది ఇంకా పెద్ద తేడా. ఐ5కు ఇంటెల్ చెప్పిన హద్దు 128 జీబీ. జియాన్‌కు 1.5 టెరాబైట్లు. తప్పుల్ని తనంతట తాను సరిదిద్దుకునే ఈసీసీ ర్యామ్ జియాన్ వేదికలో సహజంగానే పనిచేస్తుంది. విస్తరణ కార్డుల కోసం జియాన్ 40 పీసీఐ లేన్లు (కార్డులకు డేటా వెళ్లే దారులు) ఇస్తుంది, ఐ5 ప్రాసెసర్ నేరుగా ఇచ్చేవి 20. ఐ5వి కొత్త తరం లేన్లు కాబట్టి ఒక్కోటి వేగమైనవే. రెండు గ్రాఫిక్స్ కార్డులు, వేగమైన నెట్‌వర్క్ కార్డు, డిస్కుల కంట్రోలర్ అన్నీ ఒకే పెట్టెలో పెట్టాలనుకునేవారికి మాత్రం లేన్ల సంఖ్యే కావాలి.

అమీర్‌పేటలో క్లౌడ్, నెట్‌వర్కింగ్ కోర్సులు నేర్చుకుంటూ గదిలోనే పది పన్నెండు వర్చువల్ మెషీన్లతో సాధన చేయాలనుకునే విద్యార్థికి 128 జీబీ పాత సర్వర్ ర్యామ్‌తో ఉన్న జియాన్ వర్క్‌స్టేషన్ చక్కగా పనికొస్తుంది. అక్కడ ఒక్కో మెషీన్ వేగం కంటే అన్నీ ఒకేసారి నిలబడటం ముఖ్యం. అలాంటివారికి నేను వెనుకాడకుండా జియానే చెబుతాను.

పెళ్లి వీడియోలు ఎడిట్ చేసేవారికి మాత్రం పరిస్థితి తలకిందులు. జియాన్ ఈ5లో గ్రాఫిక్స్ భాగమే లేదు. తెర మీద బొమ్మ రావాలన్నా విడిగా కార్డు కొనాలి. ఐ5-12400లో యూహెచ్‌డీ 730 గ్రాఫిక్స్‌తో పాటు క్విక్ సింక్ ఉంటుంది. కెమెరాలు ఇచ్చే హెచ్.264, హెచ్.265 వీడియోను విప్పడానికి, తిరిగి చుట్టడానికి ప్రత్యేకంగా చేసిన భాగం అది. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు ఎడియస్, ప్రీమియర్ రెండూ దాన్ని వాడుకుంటాయి. టైమ్‌లైన్ మీద క్లిప్‌ను అటూ ఇటూ జరుపుతున్నప్పుడు బొమ్మ తడబడకుండా రావడానికి ఆ చిన్న భాగం 28 థ్రెడ్ల కంటే ఎక్కువ మేలు చేస్తుంది. ఐ5 కొనేటప్పుడు చివర ఎఫ్ అక్షరం ఉన్న 12400ఎఫ్ తీసుకోకండి, అందులో ఈ గ్రాఫిక్స్ ఉండవు.

పరీక్షించి చూడటం

లెక్క తరువాత కొలత. పెన్‌డ్రైవ్‌లో ఫైళ్లను కుదించే 7-జిప్ ప్రోగ్రాము వేసుకుని దుకాణానికి వెళ్లండి, అది ఉచితం. టూల్స్ మెనూలో బెంచ్‌మార్క్ తెరిచి, థ్రెడ్ల సంఖ్య ముందు 1 పెట్టి వచ్చిన రేటింగ్ రాసుకోండి. తరువాత మొత్తం థ్రెడ్లు పెట్టి మళ్లీ రాసుకోండి. రెండు యంత్రాల్లోనూ ఇలా చేస్తే నాలుగు అంకెలు వస్తాయి. వాటిని పైన వేసిన లెక్కతో సరిపోల్చండి.

తరువాత మీ సొంత ఫైల్. మీ కెమెరాతో తీసిన రెండు నిమిషాల క్లిప్‌ను వీడియో రూపం మార్చే హ్యాండ్‌బ్రేక్‌లో ఒకే సెట్టింగుతో రెండు చోట్లా మార్చి, పట్టిన సమయం చూడండి. ఐ5లో ఒకసారి మామూలుగా, ఒకసారి క్విక్ సింక్‌తో చేసి చూడండి. పరీక్ష సమయంలో హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ప్రోగ్రాము తెరిచి ఉంచితే వేగం ఎక్కడ నిలబడిందో, వేడి ఎంతకు చేరిందో కనిపిస్తుంది. కనీసం పదిహేను నిమిషాలు నడపాలి. మొదటి నిమిషం అంకెలతో తృప్తిపడితే ఎండిపోయిన థర్మల్ పేస్టు, అరిగిన ఫ్యాను బయటపడవు.

పాత తరానికి ఇంకో భారం ఉంది. 2018 జనవరిలో బయటపడిన మెల్ట్‌డౌన్, స్పెక్టర్ అనే ప్రాసెసర్ భద్రతా లోపాలు బ్రాడ్‌వెల్‌కు వర్తిస్తాయి. వాటి నుంచి రక్షణ సాఫ్ట్‌వేర్‌తోనే ఇవ్వాలి. డిస్క్, నెట్‌వర్క్ పనులు ఎక్కువగా ఉండే చోట దానివల్ల వేగం కొంత తగ్గుతుంది. లినక్స్‌లో ఎల్‌ఎస్‌సీపీయూ (lscpu) ఆదేశం ఇస్తే ఏయే లోపాలకు ఏయే రక్షణలు అమల్లో ఉన్నాయో చివర జాబితా వస్తుంది. విండోస్ 11 అధికారిక జాబితాలో ఈ జియాన్ లేదు. విండోస్ 10కు ఉచిత మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. అందుకే జియాన్ కొంటే లినక్స్ వాడటానికి సిద్ధపడి కొనడం మంచిది.

మొత్తం ఖర్చు రాయండి

ప్రాసెసర్ ధర పక్కన బోర్డు, ర్యామ్, కూలర్, ఎస్‌ఎంపీఎస్ (కరెంటు అందించే పెట్టె), గ్రాఫిక్స్ కార్డు ధరలు వరుసగా రాయండి. జియాన్ చౌక, బోర్డు చౌక కాదు. డెల్, హెచ్‌పీ వంటి సంస్థల సర్వర్ బోర్డులకు మామూలు ఎస్‌ఎంపీఎస్ పట్టదు, వాటి ఫ్యాన్ల హోరు పడకగదిలో భరించలేం. విడిగా జియాన్ కొని కట్టించుకోవడం కంటే హెచ్‌పీ జెడ్440 లాంటి పూర్తి వర్క్‌స్టేషన్ తీసుకోవడం నయం. సర్వర్ నుంచి తీసిన రిజిస్టర్డ్ ర్యామ్ మామూలు డెస్క్‌టాప్ బోర్డులో పనిచేయదు, కాబట్టి తరువాత ఎప్పుడో ఐ5కు మారినప్పుడు ఆ ర్యామ్ మీతో రాదు.

కరెంటు లెక్క తప్పకుండా వేయండి. జియాన్ టీడీపీ (ప్రాసెసర్ వెలువరించే వేడి అంచనా) 120 వాట్లు, ఐ5ది 65 అని డబ్బా మీద ఉన్నవి కూలర్‌ను ఎంచుకోవడానికి ఇచ్చిన అంకెలు. ఐ5 కూడా గట్టిగా పనిచేసేటప్పుడు 117 వాట్ల దాకా వెళ్తుంది. నిజమైన తేడా ఖాళీగా ఉన్నప్పుడు కనిపిస్తుంది. ఒక ప్లగ్ మీటరు కొని గోడ దగ్గర మొత్తం యంత్రం లాగేది కొలవండి. రెంటి మధ్య 50 వాట్ల తేడా వచ్చిందనుకుంటే, రాత్రింబవళ్లు నడిచే యంత్రానికి రోజుకు 1.2 యూనిట్లు, ఏడాదికి 438 యూనిట్లు అదనం. మన బిల్లుల్లో శ్లాబులు ఉంటాయి కాబట్టి ఈ యూనిట్లన్నీ మీ చివరి శ్లాబులోకి వెళ్లి పడతాయి. పాత బిల్లు తీసి ఆ చివరి రేటుతోనే గుణించండి. యూనిట్ 9 రూపాయలైతే ఏడాదికి 3,942 రూపాయలు. మూడేళ్లకు దీన్ని గుణించి జియాన్ ధర పక్కన రాయండి. రోజుకు రెండు మూడు గంటలే వాడేవారికి ఇది పెద్ద మొత్తం కాదు.

వేడి సంగతి కూడా ఉంది. డెల్ ఆర్730 లాంటి సర్వర్లకు మామూలు పని ఉష్ణోగ్రత 10 నుంచి 35 డిగ్రీలని తయారీదారే చెబుతాడు. మే నెలలో రామగుండంలోనో విజయవాడలోనో ఏసీ లేని గది మధ్యాహ్నానికల్లా ఆ హద్దు దాటుతుంది.

దుకాణంలో చూడవలసినవి

ప్రాసెసర్ లోహపు మూత మీద రాత చదవండి. అమ్మకానికి తయారైన జియాన్ మీద మోడల్ పేరు, దాని కింద ఎస్ఆర్‌తో మొదలయ్యే చిన్న కోడ్ ఉంటాయి. మోడల్ పేరు ఉండాల్సిన చోట ఇంటెల్ కాన్ఫిడెన్షియల్ అని ఉండి, కోడ్ క్యూతో మొదలైతే అది పరీక్షల కోసం చేసిన నమూనా. దాని వేగం, బోర్డుతో పొందిక అమ్మకపు ప్రాసెసర్‌లా ఉంటుందని చెప్పలేం. తీసుకోకండి.

కూలర్ బిగించే చట్రం చతురస్రమా, పొడవుగా సన్నగా ఉందా చూడండి. మొదటిదానికి రంధ్రాల దూరం 80కి 80 మిల్లీమీటర్లు, రెండోదానికి 56కి 94. ఒకదాని కూలర్ మరోదానికి సరిపోదు. ఈ జియాన్లు పట్టే కొత్త ఎక్స్99 బోర్డు పేరుతో అమ్మే చైనా బోర్డుల్లో కొన్నింటికి నాలుగు ర్యామ్ స్లాట్లు కనిపించినా మెమరీ రెండు దారుల్లోనే నడుస్తుంది. ర్యామ్ నాలుగు స్లాట్లలో పెట్టించి, సీపీయూ-జెడ్ అనే ప్రోగ్రాములో మెమరీ పేజీ తెరిచి నాలుగు దారులు చూపిస్తోందో లేదో అక్కడే నిర్ధారించుకోండి. ఇంటెల్ బదులు పాత ఏఎండీ ఎపిక్ (ఆ సంస్థ సర్వర్ ప్రాసెసర్) ఇస్తామంటే అది ఏ సంస్థ సర్వర్ నుంచి తీసినదో అడగండి. కొన్ని ఎపిక్‌లు మొదట పెట్టిన సంస్థ బోర్డుకే శాశ్వతంగా ముడిపడి ఉంటాయి, వేరే బోర్డులో అసలు మొదలవవు.

చివరగా, బిల్లు మీద మోడల్ పేరు, వీ4 అక్షరంతో సహా, పూర్తిగా రాయించుకోండి. పనిచేయకపోతే ఎన్ని రోజుల్లో మార్చి ఇస్తారో అదే కాగితం మీద సంతకంతో తీసుకోండి. పదిహేను నిమిషాల పరీక్ష మీ కళ్ల ముందు ముగిశాకే డబ్బు ఇవ్వండి.